కోఠీలో పాత ఆంప్లిఫయర్ రిపేర్: 3,100 రూపాయలకి ఏం వచ్చింది, ఏం రాలేదు

ఇంట్లో పాత ఆంప్లిఫయర్ మూగబోయి, బాగు చేయించాలా లేక పాత సామాన్లోడికి ఇచ్చేసి కొత్తది కొనాలా అని తేల్చుకోలేకపోతున్న వాళ్ళ కోసం రాస్తున్నా. హైదరాబాద్ కోఠీలో గుజరాతీ గల్లీ దగ్గర ఒక సందులో రిపేర్ షాపు, దాని రివ్యూ ఇది, మధ్యమధ్యలో వేరే ఆప్షన్లు కూడా వస్తాయి. షాపుకి పేరు బోర్డు లేదు. మెట్లెక్కితే ఒకే ఒక్క గది, మూతలు విప్పేసిన సెట్లు నేల నుంచి పైకప్పు దాకా, మధ్యలో కళ్ళజోడు నుదుటి మీద పెట్టుకుని ఒక పెద్దాయన. అందరూ చాచా అంటున్నారు, నేనూ అదే అన్నా.

సెట్ సంగతి ముందు చెప్పాలి. మా మేనమామ 80ల మొదట్లో కువైట్ నుంచి వస్తూ తెచ్చింది, 70ల చివర్లో జపాన్‌లో తయారైన ఇంటిగ్రేటెడ్ ఆంప్, ఛానల్‌కి 30 వాట్లు, ముందు అంతా వెండి రంగు అల్యూమినియం, నాబ్ తిప్పుతుంటేనే చేతికి బరువు తెలుస్తుంది. కోనసీమ వైపు, కడప వైపు గల్ఫ్ వెళ్ళొచ్చిన వాళ్ళ ఇళ్ళలో సాన్సుయ్, పయనీర్, టెక్నిక్స్, అకాయ్ అని ఏదో ఒకటి షోకేసులో ఉండేది కదా, ఆ జాతే. నాది ఏ బ్రాండో కావాలనే రాయట్లేదు, రాస్తే మా దాని కంటే మీది గొప్పా అని మొదలవుతుంది, పైగా ఇక్కడ చెప్పేది ఆ కాలం సెట్లన్నిటికీ దాదాపు ఒకటే.

రోగం ఏంటంటే, ఆన్ చేస్తే లైటు వెలుగుతుంది, కానీ ఆ తర్వాత మూడు నాలుగు సెకన్లకి లోపల్నుంచి రావాల్సిన "టక్" రావట్లేదు. ఆ టక్ వస్తేనే స్పీకర్‌కి సౌండ్ వెళ్తుంది. అది ప్రొటెక్షన్ రిలే, అంటే స్పీకర్‌ని కాపాడే ఆటోమేటిక్ స్విచ్చు. ఔట్‌పుట్‌లో డీసీ వోల్టేజ్ కనిపిస్తే రిలే కలవదు, ఎందుకంటే ఆ డీసీ స్పీకర్‌లోకి పోతే దాని లోపలి తీగ చుట్ట, వాయిస్ కాయిల్, మాడిపోతుంది. అంటే టక్ రాలేదు అంటే సెట్ చచ్చిపోయిందని కాదు, లోపల ఏదో తేడా ఉంది స్పీకర్‌ని కాపాడుతున్నా అని చెప్తోందని అర్థం. దీనికి ముందు చాలా కాలం నుంచి ఎడమ ఛానల్ వస్తూ పోతూ ఉండేది, వాల్యూమ్ కాస్త పెంచితే ఠక్కున వచ్చేది, అది కూడా రిలే లోపలి కాంటాక్టులు నల్లబడితే వచ్చే లక్షణమే. ఇంకా పాట ఆపినా వినపడే హమ్మ్ ఒకటి.

మొదట ఇంటి దగ్గర ఒక మెకానిక్‌కి చూపించా. మూత తీసి చూసి "ఐసీ పోయింది సార్" అన్నాడు. దీంట్లో ఔట్‌పుట్ ఐసీ, అంటే స్పీకర్‌ని నడిపే పనంతా ఒకే చిప్‌లో ఉండేది, అసలు లేదు, వేడి లాగేసే లోహపు దిమ్మ, అదే హీట్ సింక్, దాని మీద విడివిడిగా ట్రాన్సిస్టర్లు ఉన్నాయి, ఎదురుగా కనపడుతున్నాయి. తర్వాత రెండు దారులు చెప్పాడు. ఒకటి, రిలే తీసేసి డైరెక్ట్ చేసేస్తా, సౌండ్ వచ్చేస్తుంది. రెండు, లోపల ఉన్నదంతా పీకేసి 5200, 1943 బోర్డు వేసి బ్లూటూత్, పెన్ డ్రైవ్, రిమోట్ అన్నీ పెట్టిస్తా, 6,500. ఆ మొదటి మాట ఎవరన్నా సరే, సెట్ తీసుకుని దణ్ణం పెట్టి వచ్చేయండి. ఇంట్లో స్మోక్ వాసనకి అలారం మోగుతుంటే అలారం వైర్ కోసే పని అది. రెండోది మోసం అనను, 5200, 1943 అంటే తోషిబా ట్రాన్సిస్టర్ల జత, మన దగ్గర అసెంబుల్ చేసే ఆంప్‌లు చాలావరకు వాటి మీదే నడుస్తాయి, ఒరిజినల్ అయితే గట్టి ముక్కలే. కానీ అలా చేశాక మిగిలేది పాత డబ్బా, లోపల కొత్త సరుకు, దానికి ఈ డబ్బానే ఎందుకు?

చాచా దగ్గర నాకు నచ్చింది మొదటి పది నిమిషాలు. ప్లగ్ డైరెక్టుగా సాకెట్‌లో పెట్టలేదు. చెక్క మీద బిగించిన సిరీస్ బోర్డు ఉంది, దానికి పాతకాలం 100 వాట్ల ఫిలమెంట్ బల్బు, ఆ బల్బు గుండా కరెంటు సెట్‌కి వెళ్తుంది. లోపల ఎక్కడైనా షార్ట్ ఉంటే బల్బు ఫుల్లుగా వెలుగుతుంది, సెట్ మాత్రం కాలదు. షార్ట్ లేకపోతే ఒకసారి మెరిసి, కెపాసిటర్లు చార్జ్ అయ్యాక సన్నగా మసకబడిపోతుంది. మాది మసకబడింది. "ట్రాన్స్‌ఫార్మర్ మంచిగున్నది, ఔట్‌పుట్ మంచిగున్నది, ఇగ భయం లేదు సార్" అన్నాడు. మీరు ఏ ఊళ్ళో ఏ మెకానిక్ దగ్గరికి వెళ్ళినా ఈ బల్బు ఉందో లేదో చూడండి, నా దృష్టిలో సర్టిఫికెట్ల కంటే అదే ఎక్కువ. ఎల్‌ఈడీ బల్బు పెడితే పని చేయదు, ఫిలమెంట్ బల్బే కావాలి.

తర్వాత రిలేకి ముందు రెండు ఛానళ్ళలో మల్టీమీటర్ పెట్టి డీసీ చూశాడు. కుడి వైపు 20 మిల్లీవోల్టులు, బాగానే ఉన్నట్టు, 50 లోపు ఉంటే ఎవరూ బాధపడరు. ఎడమ వైపు రెండున్నర వోల్టులు. అదీ దొంగ. ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్ షార్ట్ అయితే ఇరవై ముప్పై వోల్టులు కనిపిస్తుంది, ఇలా ఒకటి రెండు వోల్టులే ఉంటే సాధారణంగా ముందు స్టేజీలో ఏదో చిన్నది లీక్ అవుతోందని లెక్క. టార్చ్ వేసి చూపించాడు, ఇన్‌పుట్ దగ్గర జతగా ఉండే చిన్న ట్రాన్సిస్టర్ల కాళ్ళు నల్లగా ఉన్నాయి. ఆ కాలం జపాన్ ట్రాన్సిస్టర్లలో కొన్నిటి కాళ్ళకి వెండి పూత ఉండేది, అది గాలికి నల్లబడి లోపలికి పాకి లీకేజీ, చప్పుడు మొదలవుతాయి. 2ఎస్‌సీ458, 2ఎస్‌ఏ726 లాంటివి ఈ విషయంలో బాగా పేరు చెడగొట్టుకున్నాయి. 726కి బదులుగా ఇప్పుడు కేఎస్‌ఏ992 వాడతారు. ముక్క ఖరీదు చూస్తే నవ్వొస్తుంది, టీ డబ్బులు. 6,500 రూపాయల బోర్డు వేయించుకోమన్న చోట అసలు రోగం ఇదీ.

ఇంకోటి కూడా చూపించాడు, పెద్ద కెపాసిటర్లు కదలకుండా ఫ్యాక్టరీలో పూసిన గోధుమ రంగు జిగురు. కొత్తలో లేత రంగులో ఉండి ఏళ్ళు గడిచేకొద్దీ ముదురు గోధుమ రంగుకి మారి గట్టిపడుతుంది, అప్పుడు కరెంటుని కొద్దికొద్దిగా పారనిస్తుంది, కింద ఉన్న కాళ్ళని తినేస్తుంది. మాదాంట్లో ఒక రెసిస్టర్ కాలు సగం తినేసి ఉంది. దాన్నంతా చిన్న స్క్రూడ్రైవర్‌తో గీకి స్పిరిట్‌తో తుడవడానికే చాలా సేపు పట్టిందట, నేను చూడలేదు కానీ బోర్డు శుభ్రంగా వచ్చింది.

బిల్లు, అంటే కాగితం ముక్క మీద రాసిచ్చిన లెక్క: లేబర్ 1,800, కరెంటుని చదును చేసే పెద్ద ఫిల్టర్ కెపాసిటర్లు రెండు కలిపి 560, 24 వోల్టుల రిలే 220, చిన్న ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు, ట్రాన్సిస్టర్లు, ఒకటి రెండు రెసిస్టర్లు, హీట్ సింక్ పేస్ట్ అన్నీ కలిపి 520. మొత్తం 3,100. జీఎస్టీ బిల్లు అడగొద్దు, ఉండదు. వారంటీ అడిగితే "ఏమన్నా అయితే తీస్కరా" అన్నాడు, అదే వారంటీ.

ఫిల్టర్ కెపాసిటర్ల దగ్గర కొంచెం ఆగాలి. హమ్ వస్తోంది అంటే చాలామంది వెంటనే అవే మారుస్తారు, మాదాంట్లో కూడా మార్చాల్సిందే, మీటర్ మీద పెడితే రాసున్న విలువలో సగం కూడా లేదు ఒకటి. కొనేటప్పుడు పాతదాని సైజులోనే కావాలని వెతక్కండి, అదే మైక్రోఫారడ్, అదే వోల్టేజ్‌కి ఇప్పుడొచ్చేవి చాలా చిన్నగా ఉంటాయి, వోల్టేజ్ మాత్రం తగ్గకూడదు, ఎక్కువైతే పర్లేదు. గల్లీలో జపాన్ పేర్లు వేసిన నకిలీలు చాలా ఉన్నాయి, డొక్కు కెపాసిటర్‌కి పైన మెరిసే తొడుగు తొడిగి అమ్ముతారు, చేతిలో పెట్టుకుంటే తేలిగ్గా ఉంటుంది. నకిలీ జపాన్ కంటే నిఖార్సైన మన కెల్ట్రాన్ మేలు అని చాచా మాట, కేరళలో కన్నూర్ ఫ్యాక్టరీలో తయారయ్యే సరుకే కాబట్టి నేనూ సరే అన్నా.

అన్నీ వేశాక బయాస్, అంటే పాట లేనప్పుడు కూడా ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్లలో పారే కొద్దిపాటి కరెంటు, సెట్ చేశాడా లేదా అనేది అడిగి మరీ చూడండి, చాలా చోట్ల ఇది వదిలేస్తారు. ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్ల ఎమిటర్ రెసిస్టర్ల మీద మిల్లీవోల్టుల్లో కొలిచి ప్రీసెట్ అనే చిన్న స్క్రూ లాంటిది తిప్పుతారు. ఉదాహరణకి 0.47 ఓం రెసిస్టర్ మీద 10 మిల్లీవోల్టులు అంటే 21 మిల్లీఆంపియర్లు పోతున్నట్టు. తక్కువైతే చిన్న వాల్యూమ్‌లో సౌండ్ గరగరలాడుతుంది, ఎక్కువైతే హీట్ సింక్ మీద చెయ్యి పెట్టలేం. ఎంత ఉండాలో సెట్ సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది, హైఫై ఇంజిన్ లాంటి సైట్లలో పాత మోడళ్ళవి దొరుకుతాయి, ప్రింట్ తీసి పట్టుకెళ్తే మెకానిక్ కళ్ళలో వెలుగు చూస్తారు, నిజంగా. చాచా అయితే ఆ ప్రింట్ తిరిగివ్వలేదు, ఉంచుకున్నాడు.

వెనకాల వోల్టేజ్ సెలెక్టర్ గురించి ఆయనే చెప్పాడు, నాకు అసలు తట్టలేదు. గల్ఫ్ సెట్లకి 110, 120, 220, 240 అని మార్చుకునే స్విచ్చు ఉంటుంది. మాది 220 మీద ఉంది. మా ఇంట్లో రాత్రిళ్ళు మీటర్ పెడితే 245 దాకా చూపిస్తుంది, అంటే లోపల దాదాపు ప్రతి వోల్టేజీ పదకొండు శాతం ఎక్కువ, నలభై ఏళ్ళ కెపాసిటర్ల మీద అదనపు బరువు. ఇప్పుడు 240 మీద పెట్టాం. సౌండ్‌లో తేడా ఏమీ తెలీదు, సెట్ మాత్రం తక్కువ వేడెక్కుతోంది. జపాన్ లోపల అమ్మిన సెట్లకి ఈ స్విచ్చు ఉండకపోవచ్చు, అక్కడ 100 వోల్టులు, వాటిని మన సాకెట్‌లో పెడితే అంతే సంగతులు. ఎర్రగడ్డ సండే మార్కెట్లోనో జుమ్మెరాత్ బజార్లోనో పాత సెట్ కనపడి మురిసిపోయే ముందు వెనక ప్లేట్ మీద ఎంత రాసుందో చదవండి.

ఇక తిట్లు. చెప్పిన రోజుకి ఇవ్వలేదు, ఆ తర్వాత చెప్పిన రోజుకీ ఇవ్వలేదు. ఫోన్ ఎత్తడు. శుక్రవారం మధ్యాహ్నం నమాజ్ టైంకి వెళ్తే షట్టర్ దించి ఉంటుంది, అది తెలుసుకుని వెళ్ళాలి. బండి పెట్టుకోవడానికి చోటు ఉండదు, మెట్రోలో సుల్తాన్ బజార్‌లోనో ఉస్మానియా మెడికల్ కాలేజ్ స్టేషన్‌లోనో దిగి నడవడం మేలు, కానీ చేతిలో ఎనిమిది కేజీల సెట్ ఉంటే ఆటోనే గతి. వీటన్నిటి కంటే నా ఒళ్ళు మండింది లైట్ల విషయంలో. ముందు ప్యానెల్ వెనక ఉన్న చిన్న బల్బులు ఎప్పుడో పోయాయి, వాటి బదులు అడక్కుండానే నీలం ఎల్‌ఈడీలు పెట్టాడు. తెల్లగా మెరిసే ప్యానెల్ మీద ఆ నీలం చూస్తే కడుపు తరుక్కుపోయింది. "కస్టమర్లు గదే అడుగుతరు సార్" అన్నాడు, అడుగుతారు నిజమే. మార్పించి పసుపు ఛాయ ఉన్న ఎల్‌ఈడీలు వేయించా, డబ్బులు తీసుకోలేదు. పీకిన పాత పార్టులు ఇవ్వమంటే కూడా మొదట మొహం చిట్లించాడు, తర్వాత ఒక కవర్‌లో వేసి ఇచ్చాడు. మీరూ అడగండి, ఏం మారిందో ఏం మారలేదో తెలిసేది అప్పుడే.

వాల్యూమ్ నాబ్ కరకర పోయింది, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఇరవై ముప్పై సార్లు అటూ ఇటూ తిప్పాడు. బాస్ నాబ్ మాత్రం ఒక చోట ఇంకా చిటపటమంటోంది, దాన్ని విప్పి తుడవాలి, లేబర్ ఎక్కువవుతుంది వద్దులే అన్నా. ఇంట్లో మామూలు డబ్ల్యూడీ-40 కొడితే సరిపోదా అని అడుగుతారు కొందరు, అది తలుపు బందులకి బాగుంటుంది, నాబ్ వెనక కంట్రోల్‌లో కొడితే కొన్నాళ్ళు హాయిగా ఉండి తర్వాత దుమ్ము పట్టి మొదటికి వస్తుంది. ఆ కంపెనీ వాళ్ళదే కాంటాక్ట్ క్లీనర్ వేరే డబ్బా ఉంటుంది, అది కొనండి.

ఇప్పుడు రెండో వైపు. ఈ 3,100 పెట్టకుండా ఇంకేం కొనొచ్చు అని నేనూ చూశా. ఆన్‌లైన్‌లో చేతిలో పట్టేంత క్లాస్ డీ ఆంప్‌లు, అంటే ట్రాన్సిస్టర్లని వేగంగా ఆన్ ఆఫ్ చేస్తూ నడిచేవి, వస్తున్నాయి, టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ళ టీపీఏ3116 చిప్ ఉన్నవి నాలుగైదు వేలకి, టీపీఏ3255 ఉన్నవి ఎనిమిది పది వేలకి అటూ ఇటూగా. వీటిని చులకన చేసి మాట్లాడేవాళ్ళతో నేను ఒప్పుకోను. ఫ్రెండ్ ఇంట్లో విన్నా, శుభ్రమైన సౌండ్, వేడెక్కవు, కరెంటు తక్కువ తింటాయి. పాత సెట్ ఏదీ లేకుండా కొత్తగా మొదలెట్టేవాళ్ళు అదే కొనుక్కోవడం తెలివైన పని. కానీ డబ్బా మీద ఛానల్‌కి 300 వాట్లు అని రాసి లోపల 32 వోల్టులు, 5 ఆంపియర్ల అడాప్టర్ ఇస్తారు, గుణించుకోండి, మొత్తం 160 వాట్లు, రెండు ఛానళ్ళకీ కలిపి, అదీ ఏమీ నష్టం లేకుండా పోతే. చిప్‌కి ఆ సత్తా ఉంది, అడాప్టర్‌కి లేదు. డబ్బా మీద వేలల్లో వాట్లు రాసుకునే మన పీఎంపీఓ స్టిక్కర్ల కాలం ఎక్కడికీ పోలేదన్నమాట.

నాకు అడ్డొచ్చింది వాట్లు కాదు, ఎల్పీ ప్లేయర్. ఈ చిన్న డబ్బాల్లో చాలావాటికి ఫోనో ఇన్‌పుట్, అంటే రికార్డ్ ప్లేయర్‌ని తగిలించే చోటు, ఉండదు. ప్లేయర్ సూది ఉండే కార్ట్రిడ్జ్ నుంచి వచ్చేది ఐదు మిల్లీవోల్టులకి అటూ ఇటూగా ఉండే సిగ్నల్, దాన్ని పెంచి, రికార్డు కోసేటప్పుడు తగ్గించిన బాస్‌ని మళ్ళీ ఎత్తాలి, దానికి వేరే ఫోనో ప్రీఆంప్ కొనాలి, ఇంకో రెండు మూడు వేలు, ఇంకో అడాప్టర్, ఇంకో వైరు. పాత సెట్లో అదంతా లోపలే ఉంది, పైగా బాగుంది. రికార్డులు లేని వాళ్ళకి ఈ లెక్క వర్తించదు, వాళ్ళు ఫోన్ నుంచి వినేవాళ్ళయితే నా కంటే త్వరగా క్లాస్ డీ వైపు మొగ్గొచ్చు.

ఏ సెట్ మీద డబ్బు పెట్టొద్దంటే, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయిన దాని మీద. రీవైండింగ్ చేసేవాళ్ళు ఉన్నారు, కానీ చేత్తో చుట్టిన దాంట్లో కొన్ని గుయ్యిమంటూనే ఉంటాయి, ఖర్చు కూడా మిగతా రిపేరంత అవుతుంది. ఇంకోటి ఎస్‌టీకే ఐసీ ఉన్న సెట్లు. ఎస్‌టీకే465, 4141, 4191 అని నంబర్లు ఉంటాయి, ఔట్‌పుట్ మొత్తం ఒకే నల్ల దిమ్మలో, అవి సాన్యో వాళ్ళవి. ఆ సెమీకండక్టర్ వ్యాపారం 2011లో ఆన్ సెమీకండక్టర్ చేతికి వెళ్ళింది, ఇప్పుడు ఒరిజినల్ దొరకడం గగనం, గల్లీలో దొరికేవాటిలో చాలావరకు నకిలీ, మొదటి పాటకే పోయేవీ ఉన్నాయి. మీ సెట్లో ఎస్‌టీకే బతికే ఉంటే చుట్టూ ఉన్న కెపాసిటర్లు మార్పించి వాడుకోండి, చచ్చిపోతే మాత్రం పాత సెట్ నుంచి పీకింది ఏదైనా దొరుకుతుందేమో అడిగి, లేకపోతే వదిలేయండి. ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్లు విడిగా ఉన్న సెట్ అయితే ధైర్యంగా వెళ్ళొచ్చు, పాత నంబర్ దొరక్కపోయినా సరిపోయే బదులు జతలు ఉన్నాయి, రెండు ఛానళ్ళవీ కలిపి నాలుగు ట్రాన్సిస్టర్లూ ఒకేచోట కొని, వాటి గెయిన్, అంటే సిగ్నల్‌ని ఎంత పెంచుతాయో, కొలిపించుకుంటే చాలు.

బడ్జెట్ ఎలా పెట్టుకోవాలి అంటే నా పద్ధతి ఇది, ముందు చూపించడానికి మాత్రమే డబ్బులిస్తానని చెప్పండి, రెండు మూడొందలు. రోగం ఏంటో, ఏ పార్టో, ఎంతో చెప్పమనండి. చెప్పలేక "బోర్డు మొత్తం మార్చాలి" అంటే ఆ డబ్బులు ఇచ్చేసి సెట్ తెచ్చుకోండి, నష్టం అంతటితో పోతుంది. అంకె నాలుగు వేలు దాటితే నేనయితే కొత్తది కొనేవాడిని, మేనమామ సెంటిమెంట్ ఉన్నా సరే.

చాచా షాపుకి నేనిచ్చే మార్కులు ఐదుకి నాలుగు, ఆ ఒకటి కోసింది ఆలస్యానికీ నీలం లైట్లకీ కలిపి. పెళ్ళో పండగో ఉంది వారంలో కావాలి అనుకుంటే అక్కడికి వెళ్ళకండి, అవ్వదు. సెట్ తెచ్చుకున్నాక మొదటి రోజు మంచి స్పీకర్లకి కాకుండా పోయినా బాధ లేని పాత స్పీకర్లకి తగిలించి, టక్ వచ్చాక ఒక గంట వదిలేసి, హీట్ సింక్ మీద చెయ్యి పెట్టి చూసి, అప్పుడు అసలువి కలపండి.